బిడ్డకు తీవ్ర హాని జరిగిన కేసులను శాఖలు ఎలా సమీక్షిస్తాయి, ఏం నేర్చుకుంటాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో అంగన్‌వాడీ కార్యకర్తలకో, వసతి గృహాల వార్డెన్లకో, సోషల్ వర్క్ విద్యార్థులకో బాలల రక్షణపై తరగతి జరిగిందంటే చివర్లో అడిగే ప్రశ్నలు దాదాపు అవే. ప్రతిసారీ కొత్తగా జవాబు చెప్పడం కన్నా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. ప్రశ్నలు అడిగినవారి మాటల్లోనే ఉన్నాయి. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఇంగ్లండ్ ప్రస్తావన తరచుగా వస్తుంది. ఇలాంటి సమీక్షలను యాభై ఏళ్లుగా బహిరంగంగా చేస్తూ, అందులో పొరపాట్లు కూడా బహిరంగంగానే చేసిన దేశం అది. మన చట్టం ఏమంటుందో అక్కడికక్కడే విడిగా చెప్పాను.

## మొదట్లోనే వచ్చే అనుమానాలు

ఈ సమీక్ష అంటే ఏమిటి? పోలీసు ఎంక్వయిరీకీ దీనికీ తేడా ఏమిటి?

నేరం ఎవరు చేశారో పోలీసు దర్యాప్తు తేలుస్తుంది. ఏ ఉద్యోగి నిబంధన తప్పాడో శాఖాపరమైన విచారణ తేలుస్తుంది. సమీక్ష ఈ రెండు పనులూ చేయదు. ఈ బిడ్డ సంగతి ఎవరెవరికి ఎంతెంత తెలుసు, తెలిసినది పక్క శాఖకు ఎందుకు చేరలేదు, రేపు ఇదే పరిస్థితి మరో బిడ్డకు వస్తే ఏది మారి ఉండాలి అన్నవే దాని ప్రశ్నలు. ఒకే కేసు మీద ఈ మూడూ ఏకకాలంలో నడవవచ్చు. ఒకదాని పని ఇంకొకదానితో చేయించబోతేనే చిక్కు. సమీక్ష పేరుతో దోషిని వెతికితే ఎవరూ నోరు విప్పరు. విచారణ పేరుతో పాఠాలు వెతికితే ఒక సస్పెన్షన్‌తో ఫైలు మూతపడుతుంది.

చనిపోయాక ఎన్ని కాగితాలు తిరగేస్తే ఏం లాభం? బిడ్డ తిరిగి వస్తుందా?

రాదు. ఈ ప్రశ్న అడిగేవారి కోపం న్యాయమైనదే. అయినా ఒక కేసు సంగతి చూడండి. ఐవరీ కోస్ట్ నుంచి చదివిస్తానని తండ్రి మేనత్త తీసుకువచ్చిన విక్టోరియా క్లింబియే అనే ఎనిమిదేళ్ల పిల్ల 2000 ఫిబ్రవరిలో లండన్‌లో చనిపోయింది. ఒంటిమీద 128 గాయాలు, మచ్చలు లెక్కకు వచ్చాయి. ఆ పిల్ల ఎవరికీ తెలియకుండా చనిపోలేదు. నాలుగు స్థానిక ప్రభుత్వాల సంక్షేమ శాఖలు, రెండు ఆసుపత్రులు, పోలీసుల బాలల రక్షణ బృందాలు, ఒక స్వచ్ఛంద సంస్థ ఆమెను ఏదో ఒక సమయంలో చూశాయి. ఆమెను కాపాడగలిగిన సందర్భాలు కనీసం పన్నెండు ఉన్నాయని 2003లో లార్డ్ లామింగ్ నివేదిక తేల్చింది. ఆ మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లో కొత్త బాలల చట్టం వచ్చింది. ప్రతి స్థానిక ప్రభుత్వంలోనూ పిల్లల సేవలన్నిటికీ బాధ్యత వహించే ఒక డైరెక్టర్ ఉండాలనీ, అన్ని శాఖలూ కూర్చునే ఒక రక్షణ మండలి ఉండాలనీ అది చెప్పింది. దాంతో చావులు ఆగిపోయాయని ఎవరూ అనలేదు. ఎవరిని అడగాలో మాత్రం తెలిసింది.

మన దేశంలో ఇలా సమీక్షించాలని చట్టం ఉందా?

అచ్చంగా ఇలాంటిది లేదు, దగ్గరగా వచ్చేవి కొన్ని ఉన్నాయి. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల విషయంలో నిర్ణయాలు తీసుకునే బాలల సంక్షేమ సమితి పనితీరును జిల్లా కలెక్టరు మూడు నెలలకోసారి సమీక్షించాలి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం అమలును జాతీయ, రాష్ట్ర బాలల హక్కుల కమిషన్లు గమనించాలి. 2005 నాటి కమిషన్ల చట్టం వాటికి విచారణ సమయంలో సివిల్ కోర్టు అధికారాలు ఇచ్చింది. ఐదేళ్లలోపు పిల్లల మరణాలను సమీక్షించడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే వాటి చూపు ప్రధానంగా వైద్యం మీద, ఆసుపత్రికి చేరడంలో జరిగిన ఆలస్యం మీద ఉంటుంది.

పోలీసు స్టేషను, బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్, బాలల పరిరక్షణ విభాగం ఒకే బిడ్డ గురించిన కాగితాలను ఒక బల్లమీద పెట్టి, నేర్చుకోవడం కోసమే చదవాలనే సెక్షను మన చట్టంలో లేదు. చదవకూడదనే సెక్షను కూడా లేదు. కేంద్రం నడిపే బాలల పరిరక్షణ పథకం మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం కలెక్టరు అధ్యక్షతన జిల్లా బాలల సంక్షేమ, పరిరక్షణ కమిటీ ఉంటుంది. పైన చెప్పిన శాఖలవారు కూర్చోవడానికి అది చాలు. కలెక్టరు ఒక ఉత్తర్వు ఇస్తే సమీక్ష మొదలవుతుంది. చట్టం లేదన్నది మన దగ్గర తరచుగా సాకు, అంతకు మించి ఏమీ కాదు.

## ఘటన జరిగిన తొలి రోజులు

ఏ కేసును తీవ్రమైన కేసు అనాలి? చనిపోతేనేనా?

కాదు. ఇంగ్లండ్‌లో బిడ్డ చనిపోయినా, తీవ్రంగా గాయపడినా, దానికి హింస లేదా నిర్లక్ష్యం కారణమని తెలిసి గానీ, అనుమానం గానీ ఉంటే సమీక్ష పరిశీలనకు వస్తుంది. తీవ్రమైన మానసిక హానినీ లెక్కలోకి తీసుకుంటారు. మన దగ్గర నేనైతే ఇంకో రెండు రకాలు చేర్చమంటాను. మొదటిది, అధికారులు ఆపిన బాల్యవివాహం నెల తిరక్కుండానే సరిహద్దు అవతల బంధువుల ఊళ్లో జరిగిపోవడం. రెండోది, ఒకే బిడ్డ ఇంటి నుంచి మళ్లీ మళ్లీ పారిపోయి రైల్వే స్టేషనులో దొరకడం. రెండింటిలోనూ ప్రాణం పోలేదు. వ్యవస్థ ఒకసారి బిడ్డను పట్టుకుని మళ్లీ వదిలేసింది. అలా ఎందుకు జరిగిందో, అడిగితే చెప్పగలిగిన మనుషులందరూ ఇంకా అక్కడే ఉన్నారు.

ముందు సమీక్ష కమిటీకి చెప్పాలా, పోలీసులకా?

పోలీసులకే. పద్దెనిమిదేళ్లలోపు బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరిగే అవకాశం ఉందని అనుమానం వచ్చినా పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే పోలీసులకు తెలియజేయాలి. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి చెప్పాలి. సంరక్షణ అవసరమైన బిడ్డను ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా సమితి ముందు హాజరుపరచాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయవచ్చు. అది ఇప్పుడు 112 అత్యవసర సేవతో అనుసంధానమైంది. ఇంట్లో తోబుట్టువులు ఉంటే వారి భద్రత అదే పూట చూడాలి. సమీక్ష ఇవన్నీ జరిగాకే.

ఇంగ్లండ్‌లో ఎన్ని రోజుల్లో మొదలుపెడతారు?

ఘటన తెలిసిన 5 పని దినాల్లో స్థానిక ప్రభుత్వం జాతీయ సమీక్ష ప్యానెల్‌కు తెలియజేయాలి. 15 పని దినాల్లో వేగవంతమైన తొలి సమీక్ష పూర్తి చేయాలి. లోతుగా చూడవలసినది ఉందనుకుంటే పూర్తి సమీక్షకు పోతారు. దాన్ని సాధారణంగా ఆరు నెలల్లో ప్రచురించాలి. ఈ ప్యానెల్ 2017 చట్టంతో వచ్చి 2018 నుంచి పనిచేస్తోంది.

కోర్టులో కేసు నడుస్తోంది. తీర్పు వచ్చేదాకా ఆగాలి కదా?

ఆగనక్కర్లేదు. పోక్సో విచారణను వీలైనంతవరకు ఏడాదిలో ముగించాలని చట్టమే అంటుంది. ఆ ‘వీలైనంతవరకు’ ఎంత దూరం సాగుతుందో కోర్టుల చుట్టూ తిరిగినవారికి తెలుసు. తీర్పు వచ్చేసరికి ఎస్సై బదిలీ అయి ఉంటాడు, సూపర్‌వైజర్ పదవీ విరమణ చేసి ఉంటుంది, బడి హాజరు పట్టీ బీరువా అడుగుకు చేరి ఉంటుంది. కాబట్టి దర్యాప్తు అధికారితోనూ, పబ్లిక్ ప్రాసిక్యూటర్‌తోనూ ముందే మాట్లాడి హద్దు గీసుకోవాలి. సాక్షులుగా వచ్చేవారిని ఘటన గురించి ప్రశ్నించకూడదు. ఘటనకు ముందు శాఖల మధ్య సమాచారం ఎలా నడిచిందో చూడటానికి మాత్రం అడ్డేమీ ఉండదు.

కాగితాలు మారిపోకుండా ఏం చేయాలి?

ఘటన తెలిసిన రోజే రిజిస్టర్లను స్వాధీనంలోకి తీసుకుని, ప్రతి పేజీకీ నకలు తీసి, సంతకం, తేదీ, సమయం వేయించాలి. ‘ఫెయిర్ కాపీ రాసి రేపు తెస్తాం’ అనే మాట ఒప్పుకోకూడదు. మూడు నెలల ఇంటి సందర్శనలు ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా ఉన్న రిజిస్టరు చేతికి వస్తే అది ఏ రాత్రి తయారైందో ఊహించడానికి నిపుణుడు అక్కర్లేదు. నిజంగా పొలం గట్ల మీద తిరిగి రాసిన పుస్తకంలో చెమట మరకలుంటాయి, మధ్యలో పెన్సిలు రాతలుంటాయి, ఎవరి ఫోను నంబరో అంచున ఉంటుంది. సమీక్షకు పనికొచ్చేది ఆ మురికి పుస్తకమే. ఉద్యోగులకు ఆ సంగతి ముందే చెప్పాలి. ఖాళీ గడిని క్షమించవచ్చు, తర్వాత నింపిన గడిని క్షమించలేం.

## కాగితాలు ఒక బల్లమీదికి వచ్చాక

కాలక్రమ పట్టిక అని అందరూ అంటారు. అందులో అంత గొప్ప ఏముంది?

నన్నడిగితే సమీక్షలో సగం పని అదే. ఒక కల్పిత ఉదాహరణ చెబుతాను. చిత్తూరు జిల్లా సరిహద్దు మండలంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పనికి వచ్చిన కుటుంబం అనుకోండి. నాలుగేళ్ల పాప, మూడో తరగతి చదివే అక్క.

జూన్ రెండో వారం. అంగన్‌వాడీ రిజిస్టరులో పాప బరువు గత నెల కన్నా కిలో తగ్గింది. పక్కన ‘జ్వరమని తల్లి చెప్పింది’ అని ఉంది.

జూన్ చివరి వారం. బడిలో అక్క ఆరు రోజులు రాలేదు. కారణం: ‘ఊరు వెళ్లారు’.

జులై మొదటి వారం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఓపీ చీటీలో పాప మోచేతికి వాపు. ‘మెట్ల మీద పడింది.’

జులై మూడో వారం. పొరుగింటావిడ 112కు ఫోను చేసింది. స్టేషను జనరల్ డైరీలో ‘భార్యాభర్తల గొడవ, సర్దిచెప్పి వచ్చాం’.

ఆగస్టు మొదటి వారం. అంగన్‌వాడీలో పాప పేరు కొట్టేసి ‘వలస’ అని రాశారు.

ఏ ఒక్క నమోదూ ఒంటరిగా చూస్తే ఎవరినీ పరుగెత్తించదు. బరువు తగ్గని పిల్లలుంటారా, బడి మానని పిల్లలుంటారా? ఇప్పుడు ఒక్క విషయం చేర్చండి. ఆ కుటుంబం ఉండేది రేకుల షెడ్డులో. దానికి మెట్లు లేవు. అది ఆశా కార్యకర్తకు తెలుసు. చీటీ రాసిన డాక్టరుకు తెలియదు. పోలీసులు వెళ్లిన రాత్రి పాప చేతికి కట్టు ఉంది. కానీ ఆ కట్టు ఎక్కడిదని అడగడం తమ పని అని వారు అనుకోలేదు. ఊరు వెళ్లారని బడి రాసుకున్న వారంలో తల్లి రోజూ ఫ్యాక్టరీ హాజరులో ఉంది. అంటే పిల్లలు ఎక్కడికీ వెళ్లలేదు. ఎనిమిది వారాల్లో నాలుగు చోట్ల ఐదు ముక్కలు. వాటిని పక్కపక్కన పెట్టిన మనిషి లేడు.

పట్టిక తయారుచేసేటప్పుడు తేదీ, ఎవరు చూశారు, ఏం చూశారు, ఎవరికి చెప్పారు అనే నాలుగు గడులు పెట్టండి. నాలుగో గడి ఎంత పొడవునా ఖాళీగా ఉందో చూస్తే నివేదిక దానంతటదే రాసుకుంటుంది.

మీటింగు మినిట్స్ చూస్తే సరిపోదా?

సరిపోదు. మినిట్స్‌లో ‘తగు చర్యలు తీసుకోవలసిందిగా సూచించడమైనది’ అని ఉంటుంది. ఎవరు తీసుకున్నారో ఉండదు.

బిడ్డతో ఎవరూ విడిగా మాట్లాడలేదని ప్రతి నివేదికలోనూ ఎందుకు వస్తుంది?

మాట్లాడటం కష్టం, పెద్దవాళ్లతో మాట్లాడటం తేలిక కాబట్టి. విక్టోరియా క్లింబియే ఫ్రెంచి మాట్లాడేది. అధికారులు ఎక్కువగా ఆమెను తెచ్చిన బంధువు మాటల మీదే ఆధారపడ్డారు. హింసించే మనిషే దుబాసీ అన్నమాట. తిరుపతిలో ఇది దూరపు ముచ్చట కాదు. రైల్వే స్టేషనులో, రేణిగుంట జంక్షనులో, తిరుమల రద్దీలో దొరికే పిల్లలు తమిళమో కన్నడమో హిందీయో ఒడియానో మాట్లాడతారు. పక్కనున్న పెద్దాయన ‘మా అక్క కొడుకండీ, భయపడ్డాడు’ అంటే అందరికీ పని తేలికవుతుంది. బిడ్డ వాంగ్మూలం తీసుకునేటప్పుడు అర్హుడైన అనువాదకుడి సాయం తీసుకునే వీలు పోక్సో చట్టంలోనే ఉంది. సమీక్షలో అడగవలసిన ప్రశ్న సూటిగా ఉండాలి: ఈ బిడ్డ సొంత మాట ఏ కాగితంలోనైనా, ఒక్క వాక్యమైనా ఉందా?

బిడ్డ పక్క జిల్లావాడో, పక్క రాష్ట్రంవాడో అయితే ఏ ఫైలు ఎక్కడ దొరుకుతుంది?

ఇది మన ప్రాంతపు ప్రత్యేకమైన తలనొప్పి. చిత్తూరుకు ఒకపక్క తమిళనాడు, ఇంకోపక్క కర్ణాటక. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. పాత చిత్తూరు జిల్లాలో కొంత, పాత నెల్లూరు జిల్లాలోని గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాలు కలిపి దాన్ని చేశారు. కాబట్టి అంతకుముందు తెరిచిన ఫైలు చిత్తూరులోనో నెల్లూరులోనో ఉండవచ్చు. పిల్లవాడి పాత చిరునామా చూసి, అప్పట్లో అది ఏ జిల్లా కింద ఉండేదో నిర్ధారించుకుని ఉత్తరం రాయాలి. వేరే ప్రాంతపు బిడ్డను సొంత జిల్లాకు పంపే పద్ధతి జువెనైల్ జస్టిస్ చట్టం 95వ సెక్షన్‌లో ఉంది. పంపినట్టు ఉత్తర్వు సాధారణంగా దొరుకుతుంది. అందుకున్న తర్వాత అక్కడివారు ఇంటికి వెళ్లి చూశారా లేదా అన్న కాగితం కోసమే వెతకాలి.

## కుటుంబం, బిడ్డ

తల్లిదండ్రులే నిందితులైతే వాళ్లతో కూడా మాట్లాడతారా?

ఇంగ్లండ్‌లో మాట్లాడతారు. శిక్ష పడి జైల్లో ఉన్నవారిని కూడా అడిగిన సందర్భాలున్నాయి. సహాయం కోసం ఎక్కడికి వెళ్లారు, అక్కడ ఏమన్నారు అన్నది వారికే తెలుసు. అంతకన్నా ముఖ్యం చుట్టూ ఉన్న బంధువులు. 2020లో ఆర్థర్ లాబింజో హ్యూస్ అనే ఆరేళ్ల బాలుడు, స్టార్ హాబ్సన్ అనే పదహారు నెలల పాప వేర్వేరు ఊళ్లలో హత్యకు గురయ్యారు. రెండు కుటుంబాల్లోనూ బంధువులు ముందే అధికారులకు చెప్పారు. వారి మాటకు దక్కవలసిన విలువ దక్కలేదని 2022లో జాతీయ సమీక్ష స్పష్టంగా రాసింది. మన దగ్గర అమ్మమ్మ స్టేషనుకు వస్తే ‘అల్లుడితో ఆస్తి తగాదా’ అని తేల్చేయడం ఎంత సులువో చెప్పనక్కర్లేదు. తగాదా నిజమే కావచ్చు. దెబ్బలూ నిజమే కావచ్చు.

బతికి బయటపడ్డ బిడ్డను మళ్లీ మళ్లీ ప్రశ్నించాలా?

వద్దు. కోర్టులో కూడా బిడ్డను పదే పదే పిలవకూడదని పోక్సో చట్టం అంటుంది. అలాంటప్పుడు కమిటీకి ఆ హక్కు ఎక్కడిది? ఉన్న వాంగ్మూలం, కౌన్సెలర్ నోట్సు, సామాజిక పరిశోధన నివేదిక చదువుకోవాలి. కాస్త పెద్ద పిల్లలు తామే చెప్పాలనుకుంటే, వారు నమ్మిన మనిషి సమక్షంలో, వారు ఎంచుకున్న చోట వినాలి. అడగవలసింది జరిగిన హింస గురించి కాదు. ‘నీకు ఎవరు సాయం చేశారు? ఎవరు చేస్తారనుకుంటే చేయలేదు?’ అని అడిగితే చాలు.

మా బిడ్డ పేరు పేపర్లో వస్తుందా?

రాకూడదు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ పేరునే కాదు, చిరునామా, బడి, గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరమైనా ప్రచురించడాన్ని నిషేధించింది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పోక్సో 23వ సెక్షన్ కూడా అదే దారిలో ఉంది. పేరు తీసేసి ‘ఫలానా పల్లెలో ఐదో తరగతి చదువుతున్న కవల పిల్లల్లో ఒకరు’ అని రాసేవారికి మాత్రం ఈ సెక్షను ఇంకా అర్థం కాలేదు.

## ఉద్యోగుల భయాలు

చివరికి కింది ఉద్యోగికి మెమో ఇవ్వడమే కదా ఈ సమీక్షల ఫలితం?

చాలాసార్లు అంతే అయింది, అందుకే ఈ అనుమానం. అలా చేస్తే ఏమవుతుందో ఇంగ్లండ్ చూసింది. 2007 ఆగస్టులో లండన్‌లోని హారింగే ప్రాంతంలో పీటర్ కనెలీ అనే పదిహేడు నెలల బాబు చనిపోయాడు. విక్టోరియా కేసులో చర్చకు వచ్చిన ప్రాంతమే అది. అప్పటికే బాబు అధికారుల రక్షణ ప్రణాళికలో ఉన్నాడు. పత్రికలు మండిపడ్డాయి. అక్కడి పిల్లల సేవల డైరెక్టర్‌ను మంత్రి ఆదేశంతో పదవి నుంచి తొలగించారు. ఆ తొలగింపు న్యాయబద్ధంగా జరగలేదని 2011లో అప్పీలు కోర్టు చెప్పింది. తొలి సమీక్ష నాసిరకంగా ఉందని తనిఖీ సంస్థ తేల్చడంతో రెండోసారి చేయవలసి వచ్చింది. ఈలోగా దేశవ్యాప్తంగా సంక్షేమ ఉద్యోగులు భయపడి, పిల్లలను కుటుంబాల నుంచి వేరుచేయాలని కోర్టుల్లో వేసే దరఖాస్తులు ఒక్కసారిగా పెరిగాయి.

2011లో ప్రొఫెసర్ ఐలీన్ మన్రో నివేదిక ఈ వలయాన్ని వివరించింది. ప్రతి విషాదం తర్వాత కొత్త నియమాలు, కొత్త ఫారాలు చేరతాయి. ఉద్యోగి సమయం ఫారాలకు పోతుంది. బిడ్డతో గడిపే సమయం తగ్గుతుంది. తర్వాతి విషాదానికి దారి ఏర్పడుతుంది. అందుకే ‘ఎవరు తప్పారు’ దగ్గర ఆగకుండా ‘ఆ పరిస్థితిలో ఆ పని చేయడం వారికి ఎందుకు సరైనదిగా తోచింది’ అని అడగమంది.

మన అంగన్‌వాడీ కార్యకర్తనే తీసుకోండి. యాప్‌లో ఫొటో ఎక్కలేదని సాయంత్రం దాకా కూర్చున్న రోజున ఆమె ఇంటి సందర్శనకు వెళ్లలేదు. ఫొటో ఎక్కకపోతే పైనుంచి ఫోను వస్తుంది. సందర్శనకు వెళ్లకపోతే ఎవరూ అడగరు. ఆమెకు మెమో ఇస్తే ఈ లెక్క మారుతుందా?

అంటే తప్పు చేసినవాళ్లను వదిలేయమంటారా?

లేదు. సంరక్షణలో ఉన్న బిడ్డను సంస్థ ఉద్యోగే హింసిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. తన కింద పనిచేసేవారి లైంగిక నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి పోక్సో 21వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, జరిమానా. సమీక్షలో అలాంటిది బయటపడితే అక్కడికక్కడే ఆపి పోలీసులకు చెప్పాలి. లైంగిక నేరాన్ని దాచి, నివేదికలో పాఠంగా రాయడం కూడా నేరమే అవుతుంది.

అప్పట్లో ఆ మండలంలో నేనే పనిచేశాను. పిలిస్తే ఏం చెప్పాలి?

ఆ రోజు మీకు ఏం తెలుసో అదే చెప్పండి. జరిగింది తెలిశాక వెనక్కి చూస్తే ప్రతి చిన్న గుర్తూ పెద్దదిగా కనిపిస్తుంది. ‘నాకు అప్పుడే అనుమానం వచ్చింది’ అని ఇప్పుడు చెప్పాలనిపిస్తుంది. రాకపోతే రాలేదనండి. ఆ రోజు ఎన్ని కేసులు చేతిలో ఉన్నాయి, వాహనం ఉందా, ఎవరికి ఫోను చేశారు, ఎత్తారా అన్నవి సమీక్షకు బంగారం. ఒక జాగ్రత్త. సమీక్షలో చెప్పిన మాటలను కోర్టుకు రాకుండా కాపాడే ప్రత్యేక రక్షణ మన చట్టం ఇవ్వలేదు. కాబట్టి మీ మాటను రాతలో ఇవ్వండి, ఒక నకలు దగ్గర పెట్టుకోండి, అవసరమైతే న్యాయవాదిని అడగండి.

## నివేదిక

ఎవరు రాయాలి?

ఆ కేసులో సంతకం పెట్టనివారు, పెట్టినవారికి పై అధికారి కానివారు. వేరే జిల్లా పిల్లల వైద్యులు, పదవీ విరమణ చేసిన న్యాయాధికారి, శ్రీవేంకటేశ్వర, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాల అధ్యాపకులు వంటివారితో చిన్న బృందం తిరుపతిలో కష్టం కాదు.

ఎన్ని సిఫారసులు ఉంటే మంచిది?

వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని. లామింగ్ నివేదికలో 108 ఉన్నాయి. అన్నిటినీ గుర్తుపెట్టుకునే అధికారి ఏ దేశంలోనూ పుట్టడు. ‘శాఖల మధ్య సమన్వయం పెంపొందించాలి’, ‘విస్తృత అవగాహన సదస్సులు నిర్వహించాలి’ అన్నవి సిఫారసులు కావు, నిట్టూర్పులు. సిఫారసు ఇలా ఉండాలి: ‘ఐదేళ్లలోపు బిడ్డ ఎముక గాయంతో ఓపీకి వస్తే, చీటీ రాసిన డాక్టరు అదే రోజు ఆ గ్రామపు ఆశా కార్యకర్తతో మాట్లాడి, చెప్పిన కారణం ఇంటి పరిస్థితికి సరిపోతుందో లేదో చీటీ వెనక రాయాలి.’ ఎవరు, ఎప్పుడు, ఏం చేయాలో అందులో ఉంది. చేశారో లేదో చీటీ తిప్పి చూస్తే తెలుస్తుంది.

నివేదికను బయటపెడతారా?

ఇంగ్లండ్‌లో సాధారణంగా ప్రచురిస్తారు. చాలావరకు పిల్లల పేర్లు మారుస్తారు. దేశంలోని నివేదికలన్నిటినీ ఒక స్వచ్ఛంద సంస్థ ఒకచోట భద్రపరచి చదువుకోనిస్తుంది. మన దగ్గర విచారణ నివేదిక కలెక్టరేటు ఫైలుగానే ఉండిపోతుంది. సమాచార హక్కు చట్టం కింద అడిగితే వ్యక్తిగత సమాచారమని ఆపవచ్చు. బిడ్డ విషయంలో అది సరైనదే. కానీ పేరు, ఊరు, తేదీలు తీసేసి, శాఖల పనితీరు మీద నాలుగు పేజీల సారాంశం ఇవ్వడానికి అభ్యంతరమేమిటో నాకు అర్థం కాదు. పలమనేరులో నేర్చుకున్నది శ్రీకాళహస్తికి చేరకపోతే అక్కడివారు మళ్లీ ఒక బిడ్డ ఖర్చుతో నేర్చుకోవాలి.

## ఆ తర్వాత

తనిఖీలు క్రమం తప్పకుండా జరుగుతున్నాయి కదా, అవి చాలవా?

ముజఫర్‌పూర్ చూడండి. చట్టం ప్రకారం తనిఖీ కమిటీలు మూడు నెలలకు కనీసం ఒకసారి ప్రతి బాలల సంస్థకూ వెళ్లాలి. బిహార్‌లోని ఆ బాలికల గృహానికి అధికారుల రాకపోకలు లేక కాదు. అయినా అక్కడి లైంగిక హింస 2018లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ బృందం ఇచ్చిన సామాజిక తనిఖీ నివేదికతో బయటపడింది. సుప్రీంకోర్టు విచారణను ఢిల్లీకి మార్పించింది. 2020 జనవరిలో 19 మందిని దోషులుగా తేల్చారు. ఆ బృందం పిల్లలతో నమ్మకంగా మాట్లాడింది. మామూలు తనిఖీలో వంటగది, మంచాలు, రిజిస్టర్లు చూసి, వార్డెన్ ఎదుటే ‘బాగున్నారా’ అని అడిగితే పిల్లలు ‘బాగున్నాం సార్’ అనే అంటారు.

పాఠం నేర్చుకున్నారని ఎలా తెలుస్తుంది?

శిక్షణ తరగతి హాజరు పట్టీతో తెలియదు. ఆరు నెలల తర్వాత ఎవరికీ చెప్పకుండా పది కొత్త ఫైళ్లు తీసి చదివితే తెలుస్తుంది. గాయం చీటీ వెనక రాత ఉందా? ‘వలస’ అని పేరు కొట్టేసిన పిల్లలు ఏ మండలానికి వెళ్లారో, అక్కడి అంగన్‌వాడీకి ఫోను వెళ్లిందో లేదో ఉందా? ఉంటే మారింది. లేకపోతే ఆ సిఫారసును మళ్లీ జారీ చేయడం దండగ. అది ఎందుకు కుదరలేదో క్షేత్రస్థాయి ఉద్యోగినే అడగాలి. చాలాసార్లు కారణం చిన్నది: ఆమె దగ్గర పక్క మండలం కార్యకర్త నంబరు లేదు.

మేం ఉద్యోగులం కాదు, మామూలు జనం. మేమేం చేయగలం?

అనుమానం వచ్చిన రోజే 1098కో 112కో చెప్పడం మొదటిది. చెప్పిన తేదీ, సమయం రాసిపెట్టుకోండి. బాలల సంక్షేమ సమితి పనితీరుపై ఫిర్యాదు ఉంటే, ఆ ఫిర్యాదులు వినే అధికారి కలెక్టరే. బిడ్డకు సంబంధించినవారెవరైనా ఇవ్వవచ్చు, ఇరుపక్షాలనూ విని ఆయన ఉత్తర్వు ఇవ్వాలి. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కూ రాయవచ్చు. తీవ్రమైన ఘటన జరిగిన చోట ‘దోషిని శిక్షించండి’ అనే డిమాండుతో పాటు ఇంకో వాక్యం అర్జీలో చేర్చండి: ‘ఈ బిడ్డ గురించి ఏ శాఖకు ఎప్పుడు ఏం తెలిసిందో కాలక్రమ పట్టిక తయారుచేయించి, అందులోంచి తీసుకున్న నిర్ణయాలను పేర్లు లేకుండా ప్రకటించండి.’